ముక్కమ్మ ఇంటి చుట్టవాసన

లాండ్రీలో ఆమెను అందరూ ముక్కమ్మ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే అనేవారు. ఆమె కూడా పలికేది. ఉతకడానికి వచ్చిన మూటలన్నీ ముందు ఆమె బల్ల మీదికే చేరేవి. ఒక్కో బట్టనూ ఎత్తి, మెడ దగ్గరా చంక దగ్గరా వాసన చూసి, ఇది చన్నీళ్లకు, ఇది వేణ్ణీళ్లకు, ఇది సోడాలో నానాలి అంటూ బుట్టల్లోకి విసిరేసేది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల చెమట వాసన చూడడం ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో ఆమెకే తెలియాలి. ఇంటికి వచ్చేసరికి నడుం పట్టేసేది, కాళ్లు బరువెక్కేవి, నోరు తెరిచి మాట్లాడాలన్నా విసుగ్గా ఉండేది.

అంతటి ముక్కు ఉండి కూడా ఆమె ఏళ్ల తరబడి చుట్ట కంపులోనే కాపురం చేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముక్కమ్మది తిరగేసిన లెక్క. రచ్చలో ఎవరి చొక్కాకు ఏ అత్తరు పూశారో చెప్పగలదు, ఇంట్లో మాత్రం వాసనన్నదే ఆమెకు తెలిసేది కాదు. అలవాటైపోయింది మరి. మామగారు గడియారాలు బాగుచేసేవాడు. ముందు గదిలో గోడవారగా ఆయన పనిబల్ల. ఒక కంటికి భూతద్దం, నోటి మూలన చుట్ట. వీధిలో పిల్లలు ఆయన్ని గొట్టం తాత అనేవారు. పెద్దవాళ్లు కూడా అదే అనేవారు గానీ ఆయన వినకుండా.

కొడుకు, అంటే ముక్కమ్మ భర్త, చిన్న వయసులోనే పోయాడు. ఆ తర్వాత కూడా మామగారు కోడలి దగ్గరే ఉండిపోయాడు. ఆమె ఉండమనలేదు, ఆయన ఉంటాననలేదు. ఒక పొద్దున ఆయన టీ పెట్టాడు, ఆమె తాగి పనికి వెళ్లింది. మర్నాడూ అంతే. అలా ఒకరికొకరు ఏమీ చెప్పుకోకుండానే చంటిపిల్లను పెంచి పెద్దచేసి పెళ్లి చేసి పంపారు. రక్తసంబంధం లేదు, పోయినవాడు కలిపిన సంబంధం. అయినా ఈ లోకంలో ముక్కమ్మ మారు మాట్లాడకుండా నమ్మే మనిషి ఎవరంటే ఆ ముసలాయనే.

ఆ పిల్లకే ఇప్పుడు నెలలు నిండకుండా కాన్పు వచ్చింది. పుట్టింది ఆడపిల్ల, గుప్పెడంత ఉంది. ఊపిరితిత్తులు ఇంకా కుదురుకోలేదన్నారు, ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. అల్లుడు లారీ నడుపుతాడు, బయల్దేరాడంటే వారాల తరబడి కనపడడు. కాబట్టి పసిదాన్ని ఇంటికి పంపే రోజంటూ వస్తే, అది అమ్మమ్మ ఇంటికే రావాలి. డాక్టరమ్మ అన్నీ విని, "ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?" అని అడిగింది. కూతురు తల దించుకుంది. ముక్కమ్మే చెప్పింది.

"మానేస్తే సరిపోదండీ," అంది డాక్టరమ్మ. "గదిలో పాత వాసన కూడా ఉండకూడదు. వాసన ఉందంటే పొగ ఇంకా అక్కడున్నట్టే లెక్క. ఈ పిల్ల ఊపిరి దానికి తట్టుకోలేదు. మా నర్సు వచ్చి గది చూసి సరేనన్నాకే పంపిస్తాం."

మామగారికి ఈ సంగతి ఎలా చెప్పాలా అని బస్సులో వస్తున్నంతసేపూ ముక్కమ్మ మాటలు కూర్చుకుంది. తీరా చెప్పబోతే ఆయన సగంలోనే చెయ్యెత్తాడు.

"అర్థమైంది తల్లీ. ఇవాళ్టితో సరి."

"ఒక్కసారిగా అంటే కష్టం కదా మామయ్యగారూ. కొంచెం కొంచెంగా..."

"కొంచెం కొంచెంగా మానడమంటే మానకపోవడమే. పసిదాని ఊపిరి కన్నా నా చుట్ట గొప్పదా ఏంటి?"

నోట్లో వెలుగుతున్న చుట్టను తీసుకెళ్లి కుళాయి కింద పెట్టాడు. చుయ్‌మంది. అలమరలో ఉన్న డబ్బా కూడా తీసి, కింద సెలూన్ నడిపే స్నేహితుడికి ఇచ్చేసి వచ్చాడు.

మానడమైతే మానాడు గానీ మనిషి మనిషిలో లేడు. కొన్నాళ్లు ఆయనతో ఉప్పూ నిప్పులా గడిచింది. టీలో చక్కెర ఎక్కువైందని ఒక పూట, తక్కువైందని ఒక పూట గొడవ. రెండు పూటలా టీ పెట్టింది ఆయనే. పిప్పరమెంట్లు పటపటా నమిలేవాడు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా గాలించేవాడు. పాలు పొయ్యి మీద పెట్టి, మరిచిపోయి, గిన్నె మాడ్చాడు. "చుట్టతో పాటు బుర్ర కూడా ఇచ్చేసొచ్చినట్టున్నానే," అని ఆయనే నవ్వేవాడు. ముక్కమ్మకు నవ్వొచ్చేది కాదు. మాడిన గిన్నె తోమాల్సింది ఆమే కదా.

ఇక ఇల్లు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఏళ్ల తరబడి తొక్కిన అడుసును ఇప్పుడు ఇద్దరూ కూర్చుని కడగడం మొదలుపెట్టారు. ముక్కమ్మ లాండ్రీలో ఒక షిఫ్టు చేసి వచ్చి ఇంట్లో ఇంకో షిఫ్టు చేసేది. కర్టెన్లు విప్పి నానబెడితే నీళ్లు చిక్కటి డికాక్షన్‌లా దిగాయి. మళ్లీ నానబెట్టింది, మళ్లీ దిగాయి. పరుపు ఎండలో వేసింది. తివాచీ మీద వంట సోడా చల్లి దులిపింది. గిన్నెల్లో బొగ్గులు పోసి మూల మూలనా పెట్టింది. తలుపులు, కిటికీలు, బల్ల సొరుగులు వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచింది. మామగారు కూర్చునే కుర్చీ మెత్తలు ఎన్నిసార్లు ఉతికినా లొంగకపోతే, ఆయనే వాటిని చంకన పెట్టుకుని వెళ్లి చెత్త బండిలో వేసి వచ్చాడు. వేసొచ్చాక ఆ చెక్క కుర్చీలో కూర్చుని, "ఇప్పుడు నేను కూడా శుభ్రంగా ఉన్నట్టే," అన్నాడు.

చివరికి పసిదాన్ని పడుకోబెట్టబోయే ముందు గది గోడలు మిగిలాయి. ఒకప్పుడు తెల్లవట, ఇప్పుడు వెన్న మాడిన రంగు.

"రంగు వేసేముందు గోడలు కూడా కడగాలేమో కదమ్మా?" అన్నాడు మామగారు.

"రంగు వేసేస్తున్నాంగా మామయ్యగారూ. కింద ఏముంటే ఎవరికి కావాలి?" అంది ముక్కమ్మ. ఆమెకు చేతులు పైకి లేవడం లేదు. ఆయనకు నిచ్చెన ఎక్కే వయసు లేదు. ఆదివారమంతా ఆమె పైన, ఆయన కింద నిలబడి తెల్లరంగు వేశారు, ఆరాక మళ్లీ వేశారు. గది పెళ్లికూతురిలా మెరిసింది. ముక్కమ్మ గది మధ్యలో నిలబడి, కళ్లు మూసుకుని, లాండ్రీలో బట్టను చూసినట్టు గాలిని వాసన చూసింది. రంగు వాసన తప్ప ఏమీ లేదు. పొగ తగ్గాక ఆమె ముక్కు ఇంట్లో కూడా పనిచేయడం మొదలుపెట్టింది.

కొద్ది రోజులకు నర్సు వచ్చింది. గుమ్మంలో ఆగింది, లోపలికొచ్చింది, కర్టెన్ అంచు ఎత్తి ముక్కుకు ఆనించుకుంది. "చాలా బాగా చేశారమ్మా," అంది. మామగారు తలుపు పక్కన చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు. "మానేశారా తాతగారూ?" అని అడిగితే, "మానేశాను," అన్నాడు ఛాతీ ముందుకు పెట్టి. నర్సు సంచిలోంచి చిన్న ఆవిరి మిషన్ తీసి ఇచ్చింది. పసిదాని గదిలో గాలి ఎండిపోకూడదట, తేమ ఉండాలట. కిటికీలు వేసి, రోజూ కాసేపు మిషన్ పెట్టి గదిని అలవాటు చెయ్యమంది. పిల్ల ఆ వారంలోనే వచ్చేస్తుందని చెప్పి వెళ్లింది.

మర్నాడు సాయంత్రం ముక్కమ్మ కాళ్లీడ్చుకుంటూ మెట్లెక్కి తలుపు తీసింది. చుట్ట వాసన. సన్నగానే ఉంది, కానీ అదే.

మామగారు పనిబల్ల దగ్గర కునుకు తీస్తున్నాడు. పక్కన మిషన్ బుసబుసమంటోంది.

"ఎవరైనా వచ్చారా మామయ్యగారూ?"

"ఎవరూ రాలేదే. ఏం?"

"వాసన వస్తోంది."

ఆయన గాలి ఎగబీల్చాడు. "నాకేం తెలీడం లేదమ్మా. నా ముక్కు ఎప్పుడో చచ్చిందిగా."

ఆమె కిటికీలు బార్లా తీసి, మిషన్ కట్టేసింది. కాసేపటికి వాసన పోయింది. మరుసటి రోజు మళ్లీ అదే. "కింద సెలూన్‌కి వెళ్లారా?" అని అడిగింది. వెళ్లానన్నాడు, క్షవరం కోసమన్నాడు. నిజంగానే జుట్టు కత్తిరించి ఉంది. అయినా ఆమె మనసులో ఒక మాట మెదిలింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. ఆ మాట మెదిలినందుకు సిగ్గుపడింది, కానీ అది వెళ్లిపోలేదు.

ఇక్కడ లాండ్రీ సంగతి ఒకటి చెప్పాలి. ఉతికి పంపిన బట్టను పట్టుకుని, ఇంకా వాసనేస్తోందని దెబ్బలాటకు వచ్చేవాళ్లు వారానికొకరైనా ఉంటారు. యజమాని ఆ బట్టను ముక్కమ్మ ముందు పడేసేవాడు. ఆమె వాసన చూసి, "మళ్లీ తొడిగారు," అనేది. గొడవ పడేవాళ్లు కాస్సేపటికి నీళ్లు నమిలేవారు, ఒక్క పూటే తొడిగామని ఒప్పుకునేవారు. ఉతికి ఆరేసిన బట్టకు వాసన దానంతటది రాదు, వచ్చిందంటే ఎవరో తొడిగినట్టే. ఆ సూత్రం ఆమెను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. పనిలో పాతుకుపోయినవాళ్లకు లోకమంతా తమ పనిలాగే కనిపిస్తుంది. ముక్కమ్మకు ఇల్లు కూడా ఉతికి ఆరేసిన బట్టే.

ఆ మూడో సాయంత్రం ఆమె బస్సులో ఉండగా కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, ఎల్లుండి పంపిస్తామన్నారే! ఇంట్లో అంతా సరిగ్గానే ఉందిగా?" అని అడిగింది. ఆ గొంతులో గంపెడాశ. "ఉందమ్మా," అని ముక్కమ్మ ఫోన్ పెట్టేసింది. తలుపు తియ్యగానే ముఖాన కొట్టినట్టు చుట్ట వాసన. ముందు రోజుల కన్నా ఎక్కువ.

"మామయ్యగారూ," అంది చెప్పులైనా విప్పకుండా. "నిజం చెప్పండి. కాల్చారా?"

"లేదమ్మా."

"మీ చొక్కా ఇటివ్వండి."

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, మెల్లగా గుండీలు విప్పి చొక్కా ఇచ్చాడు. బనీనుతో, ఛాతీ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆ కోడలి ముందు ఆయన చొక్కా లేకుండా నిలబడింది లేదు. ముక్కమ్మ మెడపట్టీ దగ్గరా కఫ్ దగ్గరా వాసన చూసింది. నిన్న తన చేతులతో తానే ఉతికిన చొక్కా. చుట్ట వాసనే కొడుతోంది.

"నా పనే ఇది మామయ్యగారూ. ఉతికిన బట్టకి వాసన ఊరికే రాదు. నిప్పు లేనిదే పొగ రాదు. కాల్చినందుకు కాదు నా బాధ. పసిపిల్ల విషయంలో అబద్ధమాడారే, అదీ."

"నేను కాల్చలేదమ్మా," అన్నాడాయన మళ్లీ. ఈసారి గొంతులో బలం తగ్గింది. "నీ ముక్కు ఎప్పుడైనా తప్పు చెప్పిందా?" అని అడిగాడు.

"లేదు."

"అవును. చెప్పదు." కుర్చీలో కూలబడ్డాడు. "పాలు పెట్టి మరిచిపోయాను. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని మరిచిపోయాను. మరి ఇదీ అంతేనేమో. కాల్చి మరిచిపోయానేమో తల్లీ."

ఆ క్షణంలో ముక్కమ్మ ఒక్క మాట అనాల్సింది. ఛ, అదేం లేదు లెండి, అంటే సరిపోయేది. అనలేదు. ఆమె మనసు చెడ్డది కాదు, ఒళ్లు హూనమైపోయి ఉంది. వారాల తరబడి ఎడతెగని చాకిరీ చేసి, ఇదిగో తప్పు ఇక్కడుంది అని ఒకచోట వేలు పెట్టగలిగితే మనిషికి ఒక దిక్కుమాలిన నిశ్చింత కలుగుతుంది. ఆ నిశ్చింతలోనే ఆమె చొక్కాను మడత పెట్టి బుట్టలో వేసింది.

వెళతానన్నది ఆయనే. "ఒక పక్క పసిపిల్ల, ఒక పక్క నిప్పెక్కడ పెట్టానో తెలియని ముసలాడు. రెండూ ఒక ఇంట్లో ఉండకూడదమ్మా," అన్నాడు. పక్క ఊళ్లో ఆయన పెద్దకూతురుంది, అంటే ముక్కమ్మ ఆడపడుచు. పొద్దున్నే చిన్న సంచి సర్దుకుని బయల్దేరాడు. ముక్కమ్మ బస్సెక్కించి వచ్చి, ఆడపడుచుకు ఫోన్ చేసింది. "ఆయనకి ఈమధ్య బాగా మతిమరుపు వచ్చింది వదినా. అగ్గిపెట్టె మాత్రం అందనివ్వకు," అంది. మంచికే అంది పాపం.

ఆ రోజంతా కిటికీలు తీసి పెట్టింది, మిషన్ జోలికి పోలేదు. దుప్పట్లు మళ్లీ ఉతికింది. సాయంత్రం గది నడుమ నిలబడి చూస్తే వాసన లేదు. మనిషి వెళ్లాడు, వాసన వెళ్లింది. ఇంకేం రుజువు కావాలి అనుకుంది. అనుకుంటే సంతోషం కలగాలి కదా, కలగలేదు. తనకోసమే టీ పెట్టుకుని, సగం తాగి పారబోసింది.

మర్నాడు సాయంత్రానికి పిల్ల రావాలి. పొద్దున పనికి వెళ్లే ముందు కిటికీలన్నీ బిగించి, నర్సు చెప్పినట్టు మిషన్ నిండా నీళ్లు పోసి పెట్టింది. యజమానిని బతిమాలి మధ్యాహ్నానికే బయటపడింది. పసిదానికి పక్క వెయ్యాలి, పాలసీసాలు మరిగించాలి అనుకుంటూ మెట్లెక్కి తాళం తీసింది.

లోపల గుప్పున చుట్ట వాసన. పక్కనే కూర్చుని ఎవరో కాల్చుతున్నంత వాసన.

"మామయ్యగారూ?" అని నోటికొచ్చేసింది. ఇంట్లో ఎవరూ లేరని తెలుసు, తాళం చెవి తన చేతిలోనే ఉంది. అయినా వంటింట్లోకి వెళ్లి చూసింది, వెనక గదిలోకి వెళ్లి చూసింది. మళ్లీ ముందు గదిలోకి వచ్చి, మొదటిసారి తల ఎత్తి గోడ వంక చూసింది.

పనిబల్ల పైన తెల్లగోడ చెమట పట్టి ఉంది. ఆ చెమట గోధుమరంగులో ఉంది. కొత్త రంగును తోసుకుని చుక్కలు చుక్కలుగా పుట్టి, ఒకదాన్నొకటి కలుపుకుని, సన్నటి చారలుగా కిందికి దిగుతోంది. ఆమె ఒక చుక్క వేలితో తీసి వాసన చూసింది. ఏళ్ల నాటి చుట్ట. రంగు కింద దాక్కున్నదల్లా ఆవిరి తగలగానే బయటికొచ్చింది. ఆ గాలిలో మూడు పూటలు కూర్చుంటే ఆయన చొక్కాకే కాదు, ఎవరి చొక్కాకైనా అదే వాసన పడుతుంది.

ఇస్త్రీ బల్ల దగ్గర ఇది ఆమె రోజూ చూసే సంగతే. సరిగ్గా ఉతకని చొక్కా చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలిలా ఉంటుంది, వేడి ఆవిరి తగిలితే చంక దాచుకున్నదంతా కక్కేస్తుంది. ఉతికిన బట్టకు వాసన రాదన్న సూత్రం పట్టుకుని వేలాడిందే గానీ, తను గోడను ఉతకనే లేదన్న మాట ఆమెకు తట్టలేదు. ఆ మూడు సాయంత్రాలూ ఆమె గోడ వంక చూడలేదు. మనిషి వంకే చూసింది.

ముక్కమ్మకు ఏడుపు రాలేదు, భయం వేసింది. మిషన్ కట్టేసి, ముందు కూతురికి ఫోన్ చేసింది. కొన్నాళ్లు ఆగాలంది, గోడలు కడగాలంది. "అమ్మా, నాకింక ఓపిక లేదే," అంది కూతురు. "నాకూ లేదమ్మా. అయినా ఆగుదాం," అంది ముక్కమ్మ. తర్వాత ఆడపడుచుకు చేసింది.

"బాగానే ఉన్నాడు నాన్న," అంది ఆడపడుచు. "నువ్వన్నట్టే అగ్గిపెట్టెలు దాచేశాను. వంటింట్లోకి రానివ్వడం లేదు. తనే వద్దంటున్నాడులే. వచ్చే వారం మతిమరుపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా."

"ఆయనకివ్వు వదినా. ఒక్క నిమిషం."

ఆయన లైన్లోకి వచ్చాక ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. గోడ, మామయ్యగారూ. గోడలోంచి వస్తోంది. మీరు కాల్చలేదు. మీరు ఏమీ చెయ్యలేదు.

"మంచిదానివమ్మా," అన్నాడాయన. "ముసలాణ్ణి కష్టపెట్టానని నువ్వు బాధపడుతున్నావు. అందుకని ఏదో చెప్తున్నావు. నేనేం అనుకోవడం లేదులే. పిల్ల జాగ్రత్త."

ఫోన్ పెట్టేశాడు. కాల్చలేదని ఆయన అన్నప్పుడు ఆమె నమ్మలేదు, ఇప్పుడు కాల్చలేదని ఆమె అంటే ఆయన నమ్మడం లేదు. తన చేతులతో తాను చేసిన పని ఎంత దూరం వెళ్లిందో ముక్కమ్మకు అప్పుడు తెలిసింది.

పొద్దుటి బస్సుకే వెళ్లింది. ఆడపడుచు ఇంట్లో మామగారు వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చిన్న బల్ల ఉంది, దాని మీద ఏమీ లేదు. ఒక గడియారమైనా లేదు. చిన్న చిన్న మరలు మింగేస్తాడేమోనని ఇవ్వలేదట. గడ్డం గీసుకోలేదు. కోడల్ని చూసి లేవబోయాడు. ఆమె ఆపి, పక్కన మంచం అంచున కూర్చుంది. ఈసారి తొందరపడలేదు. ఆవిరి మిషన్ ఎప్పుడు పెట్టిందో, కిటికీలు ఎప్పుడు మూసిందో, వాసన ఏ పూట వచ్చిందో, ఏ పూట రాలేదో, ఆయన లేని ఇంట్లో తాళం తీస్తే ఏం కనిపించిందో ఒక్కొక్కటిగా చెప్పింది. ఆయన బాగుచేసే మనిషి. వరసగా చెబితే వింటాడు. విన్నాడు. మధ్యలో, "పనిబల్ల పైన గోడేనా?" అని అడిగాడు. "మిగతా గోడలు?" అని అడిగాడు. కిటికీ ఉన్న గోడ తక్కువ చెమర్చిందని చెప్తే, అటు గాలి ఆడుతుంది కదా అన్నట్టు తల ఊపాడు. ఆయన నమ్ముతున్నాడని ఆమెకు తెలిసిపోయింది.

"తప్పు నాదే మామయ్యగారూ. మీ మాట నమ్మలేదు. మీ చేత చొక్కా విప్పించాను. నన్ను తిట్టండి. ఇంటికి వెళ్దాం రండి."

ఆయన తిట్టలేదు. ముఖంలో సంతోషం వస్తుందని ఆమె ఎదురుచూసింది. రాలేదు.

"అంటే, ఆ రోజు కాల్చలేదని నేనన్నది నిజమేనా?"

"నిజమే."

"కానీ నాకు గుర్తుందమ్మా."

"ఏం గుర్తుంది?"

"కాల్చడం." గొంతు తగ్గించి, ఏదో తప్పు చెబుతున్నట్టు చెప్పాడు. "నువ్వడిగిన రోజు లేదు. ఇక్కడికొచ్చాక, ఎలా మరిచిపోయానబ్బా అని ఆలోచించగా ఆలోచించగా వచ్చింది. కిటికీ రెక్క ఓరగా తీశాను. అటు తిరిగి నిలబడి కాల్చాను. బూడిద నీ కంట పడకూడదని అరచేతిలో దులుపుకున్నాను. చెయ్యి చురుక్కుమంది కూడా. దొంగతనంగా పసిదాని గదిలో కాల్చానే, ఇంత నీచుణ్ణయ్యానా అని అక్కడ నిలబడి ఏడ్చాను. ఆ ఏడుపూ గుర్తుంది. ఇవన్నీ జరగలేదంటావా?"

"జరగలేదు మామయ్యగారూ. ఒక్కటీ జరగలేదు."

"మరి వీటిని నేనేం చేసుకోను తల్లీ?"

ఏ మరకకు ఏ నీళ్లో తెలిసిన ముక్కమ్మ, ఆ ముసలాయన ఎడమ చెయ్యి పట్టుకుని, ఆడపడుచు వింటుందన్న ధ్యాస కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమెను ఏడవనిచ్చాడు. తర్వాత కుడిచెయ్యి వెలుతురులోకి చాపి, చురుక్కుమన్న చోట మచ్చ కోసం వెతికాడు. ఏమీ లేదు. కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, పెట్టుకుని మళ్లీ వెతికాడు.